ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్న పెద్దవారిని నడిపించవచ్చా?

మీ నాన్నగారు సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి ఆడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేరారని, ఆయాసం కొంత నెమ్మదించినా మంచం దిగడానికి భయపడుతున్నారని, బలవంతంగానైనా నడిపించాలా, విశ్రాంతిగా వదిలేయాలా అని అడిగారు. ఈ నగరంలోని ఛాతీ వార్డులలో ఫిజియోథెరపిస్టుగా చాలాకాలంగా పనిచేస్తున్నాను కనుక, చూసినది, చేయించినది చెబుతాను. చికిత్స చేస్తున్న డాక్టరుగారు సరేనన్న తరువాతే ఇందులో ఏదైనా మొదలుపెట్టండి. మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, పెదవులు నీలంగా మారినా నడక ఊసే వద్దు, వెంటనే నర్సును పిలవండి.

నడిచినంత మాత్రాన పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు. మనం కాపాడుకోవలసినవి తొడ కండరాలు. జబ్బు ముదిరినప్పుడు తిండి తగ్గుతుంది, స్టెరాయిడ్ మందులు పడతాయి, రోజంతా పడకమీదే గడుస్తుంది. ఇవన్నీ కలిసి కొద్ది రోజులలోనే కాళ్ల సత్తువను లాగేస్తాయి. సత్తువ తగ్గిన కాళ్లతో బాత్రూం వరకు వెళ్లినా ఆయాసం వస్తుంది, ఆ ఆయాసానికి భయపడి మనిషి మళ్లీ పడుకుంటాడు, దానితో కాళ్లు ఇంకా నీరసిస్తాయి.

దీనికి తోడు, పక్కన ఉండే మనమే వారి చేత ఏ పనీ చేయనివ్వము. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు వంట చేసి, చుట్ట కూడా కాల్చిన ఒక పెద్దావిడ మా వార్డులో ఉండేవారు. కోడలు ఎంతో శ్రద్ధగా అన్నం తినిపించడం, తల దువ్వడం, చివరకు మంచినీళ్ల గ్లాసు నోటి దగ్గర పెట్టడం కూడా తానే చేసేది. నేను ఆమె చేత వ్యాయామాలేవీ చేయించలేదు, ఆ పనులనే ఒక్కొక్కటిగా ఆవిడకు తిరిగి అప్పగించమన్నాను. తల దువ్వుకోవడం మొదట కష్టమైంది, ఎందుకంటే చేతులు పైకెత్తినప్పుడు ఊపిరికి సాయపడే భుజాల కండరాలు ఆ పనిలోకి వెళ్లిపోతాయి. మోచేతులు బల్ల మీద ఆనించుకుని దువ్వుకోమంటే ఆ ఇబ్బంది తగ్గింది. డిశ్చార్జి నాటికి కోడలు పక్కన నడుస్తుండగా ఆవిడ తన కాళ్లమీదే లిఫ్టు దాకా వెళ్లారు.

కాబట్టి మీ నాన్నగారి విషయంలో భోజనాలు మంచం మీద కాక కుర్చీలో కూర్చోబెట్టి పెట్టడంతో మొదలుపెట్టండి. అది అలవాటయ్యాక, కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం నాలుగైదు సార్లు, రోజులో రెండు మూడు విడతలు చేయించండి. తొడలకు ఇంతకన్నా మంచి పని వార్డులో దొరకదు. ఆ తరువాతే కారిడార్. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, వేడి పాలను ఊదినట్టు పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలాలి. ఈ జబ్బులో అసలు చిక్కు లోపలి గాలి పూర్తిగా బయటకు పోకపోవడమే కనుక, పీల్చడం కన్నా వదలడం మీదే మనసు పెట్టమనండి. నడుస్తూ ఒక చిన్న వాక్యం చెప్పగలిగితే ఆ వేగం సరైనదే. చెప్పలేకపోతే ఆగి, గోడకో బల్లకో చేతులు ఆనించి కాస్త ముందుకు వంగి నిలబడాలి.

ఆక్సిజన్ గొట్టం ఉంటే నడక కోసం దాన్ని తీసేయకండి, చిన్న సిలిండర్ అడగండి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే, వేలికి పెట్టే మీటరులో 90 చూసి కంగారుపడి ఆక్సిజన్ మీరే పెంచవద్దు: ఈ రోగులలో చాలామందికి 88 నుంచి 92 వరకే లక్ష్యంగా పెడతారు, అంతకు మించి ఇస్తే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్ముతుంది.

అలాగని తొందరపడి గట్టి కసరత్తుకు దిగవద్దు. ఇంగ్లండులో దీర్ఘకాలిక శ్వాసకోశ రోగులపై జరిగి 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆసుపత్రిలో చేరిన 48 గంటలలోపే తీవ్రమైన వ్యాయామ శిక్షణ మొదలుపెట్టినా తిరిగి ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు, పైగా ఏడాదిలో మరణాలు ఆ శిక్షణ పొందిన వర్గంలోనే ఎక్కువగా కనిపించాయి. 2017 నాటి ఐరోపా, అమెరికా నిపుణుల మార్గదర్శకాలు కూడా, వ్యాయామంతో పాటు జబ్బును ఎలా చూసుకోవాలో నేర్పే పల్మనరీ రిహాబిలిటేషన్‌ను ఆసుపత్రిలో కాక, ఇంటికి వెళ్లిన మూడు వారాలలోపు మొదలుపెట్టమనే సూచించాయి. వార్డులో మన లక్ష్యం ఉన్న సత్తువ పోకుండా చూసుకోవడం వరకే.

ఇంకొక మాట. మన ఊళ్లో చాలా వీధులు ఎత్తుపల్లాలే కనుక, మీ ఇంటికి మెట్లో ఏటవాలు దారో ఉంటే ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పి, మెట్టు ఎక్కేటప్పుడు గాలి వదలడం, ఆగి పీల్చుకోవడం డిశ్చార్జికి ముందే వారి సమక్షంలో సాధన చేయించండి. డిశ్చార్జి కాగితాలు తీసుకునే రోజునే రిహాబిలిటేషన్‌కు ఎక్కడికి, ఏ తేదీన రావాలో అడిగి రాయించుకోండి, ఇన్‌హేలర్ వాడే పద్ధతిని నర్సు ముందు మీ నాన్నగారి చేతనే ఒకసారి చేయించి చూడండి.