పాలిషింగ్‌లో కారు రంగు లేచిపోతే ‘కస్టమర్ రిస్క్’ అంటే చెల్లుతుందా?

ప్రశ్న: నా మూడేళ్ల కారుకు పాలిషింగ్, సిరామిక్ కోటింగ్ కోసం ఒక డిటెయిలింగ్ షాపులో రూ.22 వేలు కట్టాను. మర్నాడు ఎండలో చూస్తే బానెట్ నిండా సుడుల్లాంటి గీతలున్నాయి. ఎడమ వెనక డోరు అంచున అంగుళం మేర మెరుపు పోయి రంగు వెలిసినట్టుంది. అడిగితే ‘రంగు ముందే పల్చగా ఉంది. బిల్లు మీద కస్టమర్ రిస్క్ అని రాసే ఉంది. కావాలంటే ఉచితంగా మళ్లీ పాలిష్ చేస్తాం’ అంటున్నారు. ఒప్పుకోవాలా? కేసు వేయొచ్చా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: కేసు వేయొచ్చు. కానీ అంతకంటే ముందు ఆ డోరు మీద ఇంకెవరి మెషినూ పెట్టనివ్వకండి. మీ సాక్ష్యమంతా అక్కడే ఉంది.

మీరు చెప్పిన రెండూ ఒకే రకం నష్టాలు కావు. బానెట్ మీది గీతలు ముతక ప్యాడ్‌తో రోటరీ మెషిన్ తిప్పినప్పుడు పడేవి కావచ్చు. మెత్తటి ప్యాడ్, సన్నని పాలిష్‌తో అవి చాలావరకు పోతాయి. అయితే వాటి మీదే సిరామిక్ కోటింగ్ వేసేశారు కాబట్టి, ముందు దాన్ని తీయాలి, పాలిష్ అయ్యాక మళ్లీ వేయాలి. డోరు సంగతి వేరు. ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో రంగు పైనుండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, సుమారు 40 నుంచి 50. అంచుల దగ్గర పూత పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు అంచులకు టేపు వేస్తారు. అరిగిపోయిన క్లియర్ కోట్ ఏ పాలిష్‌తోనూ తిరిగి రాదు, ఆ డోరుకు మళ్లీ పెయింట్ వేయాల్సిందే. కాబట్టి వాళ్ల ఉచిత పాలిష్ బానెట్‌కు పనికొస్తుంది, డోరుకు పనికిరాదు. బానెట్‌కైనా సాక్ష్యం సేకరించాకే ఒప్పుకోండి.

‘కస్టమర్ రిస్క్’ విషయానికి వస్తే, కారు తాళాలు వాళ్ల చేతికిచ్చిన క్షణం నుంచి వాళ్లు భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 148 కింద బెయిలీ, అంటే పని కోసం మీ వస్తువును తమ అధీనంలోకి తీసుకున్నవారు, అవుతారు. సెక్షన్ 151 ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువు మీద చూపేంత శ్రద్ధ మీ కారు మీద చూపాలి. 2019లో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి షరతే వచ్చింది. వ్యాలెట్ పార్కింగ్‌కు ఇచ్చిన కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద ‘యజమాని రిస్క్’ అని ఉంది. ఆ మాట అడ్డుపెట్టుకుని సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. కారును అదే స్థితిలో ఎందుకు తిరిగి ఇవ్వలేకపోయారో ముందుగా చెప్పుకోవాల్సింది కారు తీసుకున్నవాళ్లేనని కూడా చెప్పింది.

అలాగని మీరు చేతులు కట్టుకుని కూర్చుంటే కుదరదు. సేవాలోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో అదే కోర్టు అంది. కారు ఇచ్చేనాటికి ఆ అంచు బాగుందని మీరు చూపించాలి. పాత సర్వీసు జాబ్ కార్డులు, బీమా తనిఖీ ఫొటోలు, ఫోన్‌లోని ఫొటోలు వెతకండి. ఆ షాపు మీ కారు ‘ముందు – తర్వాత’ వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఉంటే ఈరోజే దించుకుని దాచుకోండి, నోటీసు అందాక అది అక్కడ ఉండకపోవచ్చు. డిజిటల్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63(4) ధ్రువపత్రం జతచేయండి.

ఆ తర్వాత కంపెనీ అధీకృత వర్క్‌షాపులో పెయింట్ మందం కొలిచే గేజ్‌తో రీడింగులు తీయించండి. దెబ్బతిన్న డోరు మీద అయిదారు చోట్ల, పోల్చడానికి కుడి డోరు మీద సరిగ్గా అవే చోట్ల. లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకం ఉండాలి. సాధారణ గేజ్ చూపేది మొత్తం మందమే, అదీ ఎప్పుడు అరిగిందో చెప్పదు. అందుకే పాత ఫొటోలు అంత ముఖ్యం. ఆ డోరుకు ఇంతకుముందు రీపెయింట్ అయి ఉంటే రీడింగు తరచుగా 200 మైక్రాన్లు దాటుతుంది, ఆ విషయం దాచకండి. ఇక ‘ముందే పల్చగా ఉంది’ అన్నవాళ్లను, మెషిన్ పెట్టేముందు కొలిచారా, కొలిస్తే జాబ్ కార్డులో ఆ అంకె ఏదని నోటీసులో అడగండి. కొలిచి తెలిసీ పాలిష్ చేస్తే ఒక తప్పు, కొలవకుండా చేస్తే ఇంకో తప్పు.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపి 15 రోజుల గడువివ్వండి. సీసీటీవీ ఫుటేజీ చెరపవద్దని అందులోనే రాయండి. జవాబు రాకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 35 కింద మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. షాపు వేరే ఊళ్లో ఉన్నా సెక్షన్ 34 ఆ వీలు కల్పిస్తోంది. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడొచ్చు, అక్కడ రాజీ ప్రయత్నమే జరుగుతుంది, తీర్పు రాదు.

ఏం అడగాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. కారంతా రీపెయింట్ చేయించమంటే కమిషన్ నమ్మదు. ఆ డోరు పెయింటింగ్ ఎస్టిమేట్, మెటాలిక్ రంగైతే షేడ్ కలవడానికి పక్క ప్యానెళ్ల మీదికి చేసే బ్లెండింగ్ ఖర్చు, ఆ భాగాలకు మళ్లీ సిరామిక్ కోటింగ్, బానెట్ సరిచేసే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. ఎస్టిమేట్లు రెండు ఉంటే మంచిది.

‘ఎక్కడో గీసుకుపోయిందని బీమా క్లెయిమ్ పెట్టండి, మేం చూసుకుంటాం’ అని షాపువాళ్లు అంటే ఒప్పుకోకండి. జరగని ప్రమాదాన్ని జరిగిందని రాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు, మోసం కేసుకూ ఆస్కారం ఉంటుంది. పైగా రేపు కమిషన్ ముందు మీ మాటకు మీ సంతకమే ఎదురు సాక్ష్యం అవుతుంది.