ఇంట్లో చేసే బ్రెడ్డుకు, కేకుకు ఏ పిండి కొనాలి?

చపాతీలకు వాడే గోధుమపిండితో బ్రెడ్డు చేస్తే పొంగకుండా గట్టిగా వస్తోందనీ, మైదాతో చేసిన కేకు మెత్తగా విరగకుండా సాగుతోందనీ, రెండింటికీ పనికివచ్చే పిండి ఒకటేదైనా చెప్పమనీ మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఇంట్లోనే బ్రెడ్డు కాల్చుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: రెండింటికీ సమానంగా నప్పే పిండి లేదు. ఏం చేయబోతున్నామో నిర్ణయించుకున్న తరువాతే పిండి ఎంచుకోవాలి.

గోధుమలోని గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రోటీన్లు నీటితో కలిసి, పిసికేకొద్దీ వలలా అల్లుకుంటాయి. ఆ అల్లికే గ్లూటెన్. ఈస్ట్ విడిచే వాయువును పట్టి ఉంచేది అదే కాబట్టి బ్రెడ్డుకు గ్లూటెన్ బలంగా ఉండాలి, కేకుకు బలహీనంగా ఉండాలి. ప్యాకెట్టు వెనుక పోషక విలువల పట్టికలో 100 గ్రాములకు ప్రోటీన్ ఎంత ఉందో చూడండి. బ్రెడ్డుకు 12 గ్రాములకు తగ్గనిది, కేకుకు 9 గ్రాముల లోపుది మేలు. మామూలు మైదాలో సాధారణంగా 10, 11 గ్రాముల దాకా ఉంటుంది. బిస్కట్లకు అది చక్కగా సరిపోతుంది.

కిరాణా కొట్టులో విడిగా అమ్మే మైదా అయితే ఈ పట్టిక ఉండదు. అప్పుడు 100 గ్రాముల పిండిని గట్టి ముద్దగా కలిపి, అరగంట నీళ్లలో ఉంచి, తెల్లనీరు పోయేదాకా మెల్లగా పిసుకుతూ కడగండి. చేతిలో మిగిలే జిగురు ముద్దే గ్లూటెన్. అది 30 గ్రాములు తూగితే బ్రెడ్డుకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

గోధుమపిండి విషయంలో మాత్రం ప్రోటీన్ అంకె ఒక్కటే చూస్తే చాలదు. ప్యాకెట్టు మీద 12 గ్రాములని ఉన్నా దానితో చేసిన బ్రెడ్డు మైదా బ్రెడ్డంత పొంగదు. పొట్టు తునకలు గ్లూటెన్ అల్లికను తెంచడం ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనదనీ, చాలామంది గమనించనిదనీ నాకు తోచే కారణం మర. చక్కీ రాళ్ల ఒరిపిడికి గింజలోని పిండిపదార్థపు (స్టార్చ్) రేణువులు ఎక్కువగా చిట్లిపోతాయి, చిట్లిన రేణువులు నీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి. పుల్కా మెత్తగా ఉండడానికి తోడ్పడే ఈ గుణమే బ్రెడ్డు దగ్గర మన లెక్క తప్పిస్తుంది. రోలర్ మిల్లులో ఆడే మైదాలో రేణువులు ఇంతగా చిట్లవు కాబట్టి, మైదాకు రాసిన కొలత ప్రకారం గోధుమపిండిలో నీళ్లు పోస్తే ముద్ద బిగిసిపోయి, ఈస్ట్ ఎంత మంచిదైనా పైకి లేవదు. 500 గ్రాముల మైదాకు సుమారు 320 మిల్లీలీటర్ల నీరు చాలు. అంతే బరువున్న చక్కీ పిండికి 375 నుంచి 400 దాకా పడుతుంది. నీళ్లు కలిపాక అరగంట నాననిచ్చి, పొట్టు మెత్తబడిన తరువాతే పిసకండి.

మొదట సగం గోధుమపిండి, సగం మైదాతో చేయమని నా సలహా. మైదా వద్దనుకునేవారు 500 గ్రాముల గోధుమపిండికి 25 గ్రాముల వైటల్ వీట్ గ్లూటెన్ (గోధుమపిండి నుంచి వేరుచేసి ఎండబెట్టిన గ్లూటెన్ పొడి) కలుపుకోవచ్చు కానీ, రుచిలో నాకు మొదటి పద్ధతే నచ్చుతుంది. గోధుమలు మీరే మర పట్టిస్తుంటే, బియ్యమో శనగపప్పో ఆడిన వెంటనే అదే మరలో పట్టించకండి. మరలో మిగిలిన ఆ పిండి కూడా కలిసి గ్లూటెన్ పలచబడుతుంది.

కేకుకు తక్కువ ప్రోటీన్ పిండి దొరక్కపోతే కప్పు మైదాలోంచి రెండు పెద్ద చెంచాలు తీసేసి, అంతే కార్న్‌ఫ్లోర్ వేసి రెండుసార్లు జల్లించండి. తెల్లటి కార్న్‌ఫ్లోర్ వేరు, పసుపుపచ్చని మొక్కజొన్న పిండి వేరు. కొట్టులో అడిగేటప్పుడే స్పష్టంగా చెప్పాలి. పిండి వేశాక ఎక్కువసేపు కలిపితే గ్లూటెన్ బిగుస్తుంది కాబట్టి పొడి కనబడకుండా పోగానే ఆపేయండి. మీ కేకు సాగడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది.

రాగి, జొన్న పిండ్లలో గ్లూటెన్ ఉండదు. బిస్కట్లకు అవి బాగుంటాయి కానీ, బ్రెడ్డులో ఐదో వంతుకు మించి కలపకండి. గోధుమపిండిలో మొలక భాగపు నూనె ఉంటుంది కనుక మైదా కంటే త్వరగా కనరెక్కుతుంది. నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని, వేసవిలో ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచుకోండి.