కోర్సు కంటే ముందు తేలవలసిన సంగతి

ఖమ్మం నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

ఇంటర్ పూర్తికాగానే పెళ్లి, ఏడేళ్లు భర్త చేతి దెబ్బలు, ఆరేళ్ల పాపతో పుట్టింటికి రావడం, ఇప్పుడు డిగ్రీ చదవాలా, కుట్టు నేర్చుకోవాలా అన్న సందేహం. మీ ప్రశ్నకు జవాబు చిన్నదే: డిగ్రీలో చేరండి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరితే రోజూ కాలేజీకి వెళ్లనక్కర్లేదు కనుక, చదువుతూనే ఏదైనా పని చేసుకోవచ్చు. కుట్టు మీకు ఇష్టమని ఉత్తరంలో ఎక్కడా లేదు. గడప దాటకుండా చేసుకోవచ్చని మీ అమ్మగారు అన్నారని మాత్రం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లకు చదువేమిటన్న మీ అన్నయ్య మాటను పట్టించుకోకండి. చదువు మధ్యలో ఆగిన పెద్దవయసు స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేసే తరగతులను దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లోనే మొదలుపెట్టింది.

అసలు చిక్కు మీరు చివర రెండు వాక్యాల్లో దాటవేసిన చోట ఉంది. కంప్యూటర్ క్లాసు ఎప్పుడు వదులుతారో మీ భర్తకు ఫోనులో చెప్పింది మీ అమ్మగారే. అతను వచ్చి నడిరోడ్డు మీద రభస చేశాక మీరు క్లాసు మానేశారు. "అల్లుడు అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను" అన్నారట ఆవిడ. అమ్మ మంచిదే, భయస్తురాలంతే అని మీరు సర్దుకున్నారు. అల్లుడు క్యాంపులో ఉన్నాడని వీధిలో అందరికీ చెప్పిన తల్లికి, కూతురు రోజూ పుస్తకాలు పట్టుకుని బస్సెక్కడం ఇబ్బందిగానే ఉంటుంది. ఆ అబద్ధం నిలవాలంటే మీరు ఇంట్లోనే ఉండాలి. ఏ కోర్సులో చేరినా ఇదే మళ్లీ జరుగుతుంది. తల్లి మీద గౌరవం ఉంచుకోండి కానీ, మీ రాకపోకల సమాచారం అతనికి చేరితే పాపను తీసుకుని వేరే గది చూసుకుంటానని ఆవిడకు స్పష్టంగా చెప్పండి. కన్నతల్లితో అలా మాట్లాడడం తప్పని నేను అనుకోను.

అతన్ని ఆపడానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది. మీరు పనిచేసే చోటికి అతను రాకూడదని, మిమ్మల్ని ఏ విధంగానూ సంప్రదించకూడదని 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. క్లాసు జరిగే చోటును కూడా అర్జీలో రాయించండి. అత్తవారింట్లో ఉండిపోయిన సర్టిఫికెట్లను, మీ నగలను తిరిగి ఇప్పించమని అదే అర్జీలో అడగండి. హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రంలోగాని, మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోను చేసిగాని, ఈ చట్టం కింద బాధితులకు సాయపడే ప్రొటెక్షన్ ఆఫీసరును కలిసే దారి తెలుసుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా లాయరును ఇస్తుంది కాబట్టి, ఫీజు కోసం అన్నయ్యను అడగవలసిన పని లేదు.

ఉద్యోగం చేస్తే భరణం పోతుందని ఎవరో భయపెట్టారన్నారు. భార్య సంపాదిస్తున్నంత మాత్రాన భరణం నిరాకరించకూడదని 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతాన్ని బట్టి మొత్తం మారవచ్చు, అంతే. పాప ఖర్చుల బాధ్యత ఎలాగూ తండ్రిని వదలదు.

అడ్మిషన్‌కు ఇంటర్ మెమో కావాలి. కోర్టు ద్వారా అది చేతికి వచ్చేదాకా ఆగకుండా, డూప్లికేట్ కోసం ఇంటర్ బోర్డుకు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తులో మీ అమ్మగారి ఫోను నంబరు మాత్రం ఇవ్వకండి.