డెట్రాయిట్ మేయర్ పింగ్రీ గురించి తెలుసుకోండి

1800ల్లో అమెరికా సిటీ మేయర్లలో జనం కోసం పనిచేసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా, అందరూ లంచాల బాపతేనా అని అడిగారు కదా. నేను డెట్రాయిట్ పక్కనే ఉంటా, నా ఓటు హేజెన్ పింగ్రీకి.

ఈయన బూట్ల ఫ్యాక్టరీ ఓనర్. సివిల్ వార్‌లో శత్రువులకి దొరికి ఆండర్సన్‌విల్ జైలు క్యాంపు కూడా చూసొచ్చాడు. 1889లో రిపబ్లికన్ పెద్దలు ఈయన్ని నిలబెట్టింది, డబ్బున్నోడు, మనోడు, చెప్పిన మాట వింటాడులే అని. తీరా గెలిచాక వాళ్ల వ్యాపారాల మీదే పడ్డాడు. స్ట్రీట్‌కార్ టికెట్ 5 సెంట్ల నుంచి 3 సెంట్లకి దించమని కంపెనీతో ఏళ్ల తరబడి కొట్లాట, వీధి లైట్లకి సిటీ సొంత కరెంట్ ప్లాంట్, 1894లో లంచం తిన్న స్కూల్ బోర్డు మెంబర్లని మీటింగ్‌లోనే పోలీసులతో పట్టించడం... దాంతో పెద్దింటి స్నేహితులంతా మొహం చాటేశారు.

అందరికీ తెలిసింది మాత్రం ఆలుగడ్డల స్కీమే. 1893 మాంద్యంలో ఉద్యోగాలు పోయి జనం పస్తులుంటే, ఊళ్లో ఖాళీగా పడున్న ప్లాట్లు ఓనర్ల దగ్గర అడిగి తీసుకుని పేదోళ్లకి పంచాడు, ఆలూ, బీన్స్ వేసుకోండి అని. ఫండ్ చాలకపోతే తన గుర్రాన్నే వేలం వేశాడు! మొదటి ఏడాదే దాదాపు 430 ఎకరాల్లో 900కి పైగా కుటుంబాలు పండించుకున్నాయి, పేపర్లు ఎగతాళి చేశాయి గానీ తర్వాత వేరే సిటీలూ కాపీ కొట్టాయి. మా నాన్న ఇక్కడికొచ్చినప్పుడు ఇదంతా చెప్తే, నీళ్లెక్కడివిరా మరి అన్నారు, రైతు కదా, ఆయన డౌట్లు అలాగే ఉంటాయి.

అలాగని దేవుణ్ణి చేయక్కర్లేదు. 1896లో గవర్నర్‌గా గెలిచాక మేయర్ కుర్చీ కూడా నాదే అన్నాడు, మిషిగన్ సుప్రీం కోర్టు కుదరదంటే గానీ వదల్లేదు. అది నాకైతే ఆశే అనిపిస్తుంది, ఆయన మనుషులు ఏం చెప్పినా సరే. గవర్నర్‌గా దిగిపోయిన ఏడాదే, 1901లో, ఆఫ్రికా టూర్ నుంచి తిరిగొస్తూ లండన్‌లో పోయాడు.

డౌన్‌టౌన్‌కి వస్తే గ్రాండ్ సర్కస్ పార్క్‌లో విగ్రహం ఉంది, కుర్చీలో కూర్చుని ఉంటాడు. వుడ్‌వర్డ్ రోడ్డుకి అవతల ఇంకో కుర్చీ విగ్రహం కనిపిస్తుంది, అది ఈయన తర్వాత మేయరైన మేబరీది, ఈయనకి అస్సలు పడని డెమొక్రాట్. క్యూలైన్ ట్రామ్ అక్కడే ఆగుతుంది, పార్కింగ్ గోల లేకుండా రెండూ చూసేయొచ్చు.