మెదడు మచ్చల సంగతి తర్వాత, ముందు మూత్రం సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు, రిటైర్డ్ లెక్చరర్. తలనొప్పి అంటే ఎంఆర్ఐ తీయించాం. మెదడు కాస్త కుంచించుకుందని, తెల్లమచ్చలున్నాయని, వయసు వల్ల వచ్చిన మార్పులని రిపోర్టులో ఉంది. మతిమరుపు వచ్చేస్తుందని ఆయనకు ఒకటే టెన్షన్. మరోపక్క రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తారు, ధార సన్నగా వస్తుంది. ఆ మాటెత్తితే ‘ఈ వయసులో మామూలే’ అని కొట్టిపారేస్తారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అచ్చం ఇలాగే చేసిన ఓ పెద్ద డాక్టరు గురించి మీ నాన్నగారికి చెప్పండి. ఆయన లండన్ న్యూరోసర్జన్ హెన్రీ మార్ష్. ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటివి చదివి, ఆసుపత్రిలో పోర్టర్‌గా కూడా పనిచేసి, ఆ తర్వాత వైద్యంలోకి వచ్చారు. పేషెంటును మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే మెదడులో గడ్డ తీసే ఆపరేషన్లలో దిట్ట. 1992 నుంచి ఉక్రెయిన్‌కు వెళ్లి అక్కడి సర్జన్లకు తోడ్పడ్డారు. 2015లో రిటైరయ్యారు.

తర్వాత ఓ పరిశోధన కోసం ఆరోగ్యవంతుడి హోదాలో తన మెదడు స్కాన్ తీయించుకున్నారు. చూస్తే మెదడు కుంచించుకుని ఉంది, తెల్లమచ్చలూ ఉన్నాయి. జీవితమంతా ఇతరుల స్కాన్లు చూసిన మనిషే బెంబేలెత్తిపోయారు. ఏళ్ల తరబడి వేధిస్తున్న మూత్ర సమస్యను మాత్రం పట్టించుకోలేదు. జబ్బులు పేషెంట్లకే వస్తాయని మా డాక్టర్లకో నమ్మకం లెండి. తీరా 70 ఏళ్ల వయసులో పరీక్ష చేయిస్తే పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి సంగతి చెప్పే రక్తపరీక్ష) 127! మామూలుగా 4 దాటితేనే ఆలోచిస్తాం. ప్రోస్టేట్ క్యాన్సర్ అప్పటికే ముదిరింది. హార్మోన్ చికిత్స, రేడియేషన్‌తో అదుపులోకి వచ్చింది.

మీ నాన్నగారికీ క్యాన్సరేనని కాదు. ఈ లక్షణాలకు ఎక్కువగా కారణం ప్రోస్టేట్ మామూలుగా పెరగడమే. షుగరు, సాయంత్రం వేసుకునే నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేవి) కూడా రాత్రి నిద్ర లేపుతాయి. యూరాలజిస్ట్‌కు చూపించి మూత్ర పరీక్ష, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పీఎస్ఏ, అల్ట్రాసౌండ్ చేయించండి. మూత్రం పోశాక లోపల ఎంత మిగులుతోందో కూడా అల్ట్రాసౌండ్‌లోనే చూస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే పీఎస్ఏ ఉత్తినే పెరుగుతుంది, అది తగ్గాక చేయించాలి. ప్రోస్టేట్ వాపుకిచ్చే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు వాడుతుంటే పీఎస్ఏ విలువ దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి డాక్టరుకు ముందే చెప్పండి. పీఎస్ఏ ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని తేల్చేయరు.

ఇక తెల్లమచ్చలు. ఈ వయసులో చాలామందికి ఉంటాయి. బీపీ, షుగరు అదుపులో పెట్టుకుని, పొగ మానేసి, రోజూ నడిస్తే చాలు. అయితే నడక తడబడుతూ, మతిమరుపు పెరుగుతూ, మూత్రం ఆపుకోలేకపోతుంటే మాత్రం మెదడులో నీరు చేరిందేమో న్యూరాలజిస్ట్ చూడాలి.

కూతురితో ఇలాంటివి మాట్లాడటానికి మొహమాటపడుతుంటే మీ అన్ననో, మీ వారినో తోడు పంపండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, అందులో రక్తం కనిపించినా, నడుంనొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.