పడవ లేని ఇంటికి మడ అడవే ఆధారం

"మడ అడవి నుంచి జనం తెచ్చుకునేది వంటకట్టెలేగా, గ్యాస్ ఇచ్చేస్తే వాళ్లకి అడవితో పనేముంటుంది?" అని ఒకరు అడిగారు. మడ అడవి (మాంగ్రోవ్) అంటే తీరంలో పోటు నీరు వచ్చిపోయే బురదలో పెరిగే అడవి. దాని పక్కనే పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కట్టెలు అందులో చాలా చిన్న భాగం.

మాకు పడవ లేదు. సముద్రం మీద వేటకి పడవ, ఇంజను, డీజిల్ అన్నీ ఉండాలి. అడవికి అవేవీ అక్కర్లేదు. పాటుకి నీరు దిగగానే అమ్మ ఇనుప కొక్కెం, బుట్ట పట్టుకుని మోకాలి లోతు బురదలోకి దిగేది. చెట్ల వేళ్ల మధ్య బొరియల్లోంచి పీతల్ని లాగి, మళ్లీ పోటు ఎక్కేలోపు బయటపడాలి. అమావాస్య, పౌర్ణమికి నీరు బాగా లాగేది, బుట్ట నిండేది. అష్టమి వచ్చిందంటే నీరు సరిగా దిగదు, బుట్ట సగమే. మా ఇంట్లో అప్పుల వాయిదాలు కూడా ఆ తిథుల లెక్కనే నడిచేవి. తుఫాను హెచ్చరికతో వేట ఆగిన రోజుల్లో పడవలున్నవాళ్లూ మా వెనకే కాలువల్లోకి వచ్చేవారు.

నిజానికి వాళ్ల వేట కూడా అడవి మీద ఆధారపడిందే. చాలా రకాల రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు పోటుతో మడ కాలువల్లోకి చేరి, వేళ్ల చాటున పెరిగి, తిరిగి సముద్రంలోకి పోతాయి. అడవిలో ఎన్నడూ అడుగుపెట్టని మనిషి వలలో పడే రొయ్య కూడా అలా పెరిగిందే కావచ్చు. ఇక తుఫానుల సంగతి. 1999 అక్టోబరులో ఒడిశాని ముంచిన సూపర్ సైక్లోన్‌లో, కేంద్రపడా జిల్లాలో సముద్రానికీ తమకీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువని పరిశోధకులు తర్వాత లెక్కగట్టారు.

మా అడవిని ఎవరూ నరకలేదు. రొయ్యల చెరువు కోసం గట్టు వేసి, పోటు నీరు వచ్చే కాలువ మూసేశారు, అంతే. మడ చెట్టు వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. నీరు వస్తూ పోతూ ఉంటేనే అవి బతుకుతాయి. గట్టు లోపల నీరు నిలిచిపోయి రెండేళ్లలో చెట్లు ఎండిపోయాయి. పీతలు అంతకు ముందే పోయాయి. అమ్మ కొన్నాళ్లు దూరపు కాలువకి నడిచింది, తర్వాత కూలికి వెళ్లింది. నష్టపరిహారం జాబితాలో మా పేరు రాలేదు. మాకు భూమి లేదు, పడవ లేదు, ఇక నష్టం ఎక్కడ రాస్తారు? అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత గట్టు అలాగే ఉంచి మొక్కలు నాటారు. బతకలేదు. చివరికి గట్టుకి రెండుచోట్ల గండి కొట్టి నీరు వదిలాక, పోటుతో కొట్టుకొచ్చిన విత్తనాలే మొలిచాయి.