లౌటోకాలో చెరకు రైలు కనిపించలేదన్న ప్రశ్నకు సమాధానం

ఫిజీలోని లౌటోకాలో, పొలాల నుంచి మిల్లుకు చెరకు మోసే రైలు మీకు ఎందుకు కనిపించలేదని అడిగారు; మీరు ఫిబ్రవరిలో వెళ్లడమే కారణం. అక్కడ 1903లో మొదలైన చక్కెర మిల్లు సాధారణంగా జూన్ నుంచి నవంబరు, డిసెంబరు వరకే చెరకు ఆడుతుంది; వానల్లో చెరకులో తీపి తగ్గి, పొలాలు బురదయ్యే కాలంలో యంత్రాల మరమ్మతులు చేసుకుంటారు.

1. విమానం టికెట్టు కొనేముందు ఆ ఏటి క్రషింగ్ (మిల్లులో చెరకు ఆడటం) ప్రారంభ తేదీని తప్పక తెలుసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే; పంటను, మరమ్మతులను బట్టి ఆ తేదీ ఏటా మారుతుంది కనుక, నేనైతే మొదటి వారాలను వదిలి ఆగస్టులో వెళ్లమంటాను.

2. రాజధాని సువాకు కాక, పాతిక కిలోమీటర్లలోపే ఉన్న నాందీ విమానాశ్రయానికి టికెట్టు తీసుకోండి.

3. రాయల్ పామ్ చెట్లున్న విటోగో పరేడ్ వీధి పక్కనే రెండడుగుల వెడల్పు పట్టాలు ఉంటాయి; అయితే చెరకులో చాలా భాగం ఇప్పుడు లారీలలోనే వస్తుంది కాబట్టి, రైలు కోసం కొంత ఓపిక పట్టాలి.